మీకు తెలుసా? పత్తి చేలల్లోంచి పోర్చుగల్ దాకా
చిలకలూరిపేట చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తిదే పెత్తనం. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. పురుగుమందులు అతిగా కొట్టడంతో మిత్రపురుగులు చచ్చాయి, దోమ మాత్రం మొండికేసింది. అప్పు తెచ్చి కొన్న మందే రైతును ముంచింది. ఎందరో ప్రాణాలు తీసుకున్నారు.

2016లో రాష్ట్ర ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ఇలాంటి రసాయన మందులు వాడని ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మొదలుపెట్టింది. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి పులియబెడితే ఎకరానికి సరిపడా ద్రవజీవామృతం. పెట్టుబడి తగ్గితే అప్పు భారమూ తగ్గుతుంది, మందు కొట్టే కూలీల ఒంటికి విషమూ తప్పుతుంది. పర్యావరణ విధానం పల్లె ఇంటి జమాఖర్చుల్లోకి వచ్చేది ఇక్కడే.

2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌ వారి గుల్బెంకియన్ బహుమతి దక్కింది. పది లక్షల యూరోలను నేల శాస్త్రవేత్త రతన్ లాల్, 1977 నుంచి ఎడారిలో సేద్యం చేస్తున్న ఈజిప్టు సంస్థ సెకెమ్ కూడా పంచుకున్నాయి.