విడిదికి గాలిమరుగు

సముద్రపుటొడ్డునగాని, కొండకొమ్మునగాని డేరా వేసుకొని ఒక రాత్రి గడపదలచినవారికి ఎండవానలకంటె ముందుగా ఎదురయ్యేది గాలి. పొయ్యి అంటుకొనదు, విస్తరి నిలువదు, అన్నంలో ఇసుక రాలుతుంది. దీనికి నివారణ గాలిమరుగు. అయితే అది గోడవలె గట్టిగా ఉండాలని చాలామంది భావిస్తారు. అది సరికాదు.

మన తోటల చుట్టూ తాటాకులతో, కంపతో కట్టే దడిని గమనించండి. దానిలోని సందులే దాని బలం. సందులేని అడ్డును తాకిన గాలి పైకి లేచి, దానిని దాటిన వెంటనే సుడులు తిరుగుతూ క్రిందికి దిగుతుంది. సుమారు సగం సందులున్న అడ్డులోనుంచి కొంత గాలి మెల్లగా చొచ్చుకొనివచ్చి, ఆ సుడులను అణచివేస్తుంది. అట్టి అడ్డు తన ఎత్తుకు పదిరెట్ల దూరం వరకు గాలి ఉద్ధృతిని తగ్గించగలదు. మన కోస్తాలోని సరుగుడు తోపులు చేసే మేలుకూడ ఈ విధమైనదే.

కాబట్టి టార్పాలిన్ కంటె పలుచని గోనెపట్టా, లేదా నారుమళ్ళపై కప్పే 50 శాతం నీడవల మేలు. మీటరుంబావు వెడల్పు, 5 మీటర్ల పొడవు గల పట్టా తీసుకొని, నాలుగుచోట్ల మడచి, వెదురు గడ దూరేటట్లు గొట్టాలవలె కుట్టాలి. గడల పొడవు మీటరు ముప్పావు. అందులో అరమీటరు భూమిలో దిగాలి.

గాలివేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై సుమారు 6 కిలోల బరువుతో సమానంగా నెడుతుంది; 72 కిలోమీటర్ల గాలి 24 కిలోలతో. అందుచేత ప్రతి గడకు గాలి వచ్చే వైపున ఒక తాడు, మరొక వైపున ఒక తాడు కట్టాలి. ఇసుకలో మేకులు నిలువవు. చిన్న సంచులలో ఇసుక నింపి, నడుమ తాడు బిగించి, అడుగు లోతున పాతిపెట్టాలి. పట్టాను నెలవంకవలె వంచి, ఉబ్బిన వైపును గాలికి ఎదురుగా ఉంచాలి.

దిక్కును గురించి ఒక మాట. భీమునిపట్నం వంటి తీరాలలో నిర్మలమైన దినాన పగలు గాలి సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది. రాత్రి పొద్దుపోయిన తరువాత నేలనుంచి సముద్రం వైపు మళ్ళవచ్చు. కొండలలో పగలు లోయనుంచి పైకి, రాత్రి శిఖరంనుంచి క్రిందికి వీస్తుంది. సాయంకాలం కట్టిన మరుగు తెల్లవారేవరకు అదే వైపున పనిచేస్తుందనుకొనరాదు. పడుకొనేముందు దిక్కు చూచి మార్చుకొనాలి.

పొయ్యిని మరుగునుంచి రెండు మీటర్ల దూరంలో ఉంచండి. నీడవల ప్లాస్టిక్కు గనుక నిప్పురవ్వ చాలు. గ్యాసుపొయ్యికి, దాని సిలిండరుకు కలిపి చుట్టూ రేకు బిగించరాదు. సిలిండరు వేడెక్కి పేలవచ్చు. గాలికి జడిసి బొగ్గుల కుంపటిని డేరాలోనికి తీసుకొనిపోవడం అన్నిటికంటె ప్రమాదకరం. దానినుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసనలేదు, రంగులేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు.

వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజులలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఏ గాలిమరుగునూ నమ్మి తీరాన విడిది చేయకండి. బయలుదేరేముందు రేడియోలో వాతావరణ సూచన విని, హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకొనండి.