రామగిరి చేలలో ఇంకా కనిపెట్టవలసినవి

శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి మండలంలో కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. దిగువన ఎర్రనేలల్లో వర్షాధారంగా వేరుశనగ సాగవుతుంది. ఆ చేలకు సమీపంలోనే మూతపడిన బంగారు గనులున్నాయి. భూగర్భం, గాలి, వాన ఈ మూడింటినీ మనిషి తన తెలివితో వినియోగించుకొన్న ప్రాంతమిది. ఇన్ని యంత్రాలు, ఇన్ని విత్తన రకాలు వచ్చిన తరువాత కనిపెట్టవలసినది ఇంకేమైనా మిగిలి ఉందా అనే ప్రశ్నకు ఇక్కడి నేలే సమాధానం చెప్పగలదు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. కనిపెట్టదగినవన్నీ కనిపెట్టడం పూర్తయిందని 1899లో అమెరికా పేటెంట్ల కమిషనర్ చార్లెస్ డ్యూయెల్ ప్రకటించినట్లు ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన అలా అన్నట్లు ఆధారమేదీ లేదు. అయితే అంతకు చాలా ముందు, 1843 నాటి నివేదికలో, అదే పదవిలో ఉన్న హెన్రీ ఎల్స్‌వర్త్ ఏటేటా పెరుగుతున్న ఆవిష్కరణలను చూసి, మానవ ప్రగతి ఆగిపోయే కాలం సమీపిస్తున్నదా అన్నట్లుందని ఆశ్చర్యం వెలిబుచ్చాడు. అటువంటి మాట వ్రాసిన ఎల్స్‌వర్తే కొత్త విత్తనాలను సేకరించి రైతులకు పంచడానికి శ్రమించాడు. 1839లో అమెరికా కాంగ్రెసు చేత అందుకు వెయ్యి డాలర్లు మంజూరు చేయించాడు. ఆ దేశంలో కోటవ పేటెంటు 2018లో జారీ అయింది.

పేటెంట్ల లెక్క ఆవిష్కరణల లెక్క కాదనడానికి రాయలసీమ రైతు ఎరిగిన గొర్రు చాలు. జడ్డిగంలో పోసిన గింజలు వెదురు గొట్టాల గుండా జారి, గొర్రు పళ్లు చీల్చిన సాళ్లలో సమాన దూరంలో పడతాయి. ఇంగ్లండులో జెత్రో టల్ విత్తే యంత్రాన్ని రూపొందించినది సుమారు 1701లో. 1795లో కెప్టెన్ థామస్ హాల్కాట్ అనే ఆంగ్లేయుడు దక్షిణ భారతంలోని ఒక పొలంలో గొర్రుతో విత్తడం చూశాడు. అటువంటి పరికరం ఐరోపావారి నూతన సృష్టి అని అంతవరకు తాను భావించినట్లు, ఇక్కడ అది అనాదిగా వాడుకలో ఉన్నట్లు తెలిసిందని వ్రాశాడు. దానిని మొదట చేసిన వడ్రంగి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. దానిపై హక్కు ఎవరికీ లేదు. అందుచేతనే అది ఊరూరా వ్యాపించింది.

పాత సమస్యలు తీరినా ప్రకృతి కొత్త సమస్యలను తెచ్చిపెడుతూనే ఉంటుంది. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ పైరు లేత దశలోనే మొవ్వలు, కాండాలు నల్లబడి ఎండిపోయింది. లక్షల ఎకరాలలో పంట దెబ్బతిన్నది. తొలుత దీనిని అంతకు ముందే తెలిసిన మొవ్వకుళ్లుగా భావించే అవకాశం ఉండినా, పరిశోధనలో పొగాకు స్ట్రీక్ వైరస్ కారణమని తేలింది. ఈ వైరస్ వయ్యారిభామ మొక్కలో పైకి ఏ లక్షణమూ చూపకుండా ఉంటుంది. దాని పుప్పొడి వేరుశనగ ఆకులపై పడినప్పుడు తామర పురుగులు గీకిన గాయాల ద్వారా మొక్కలోకి ప్రవేశిస్తుంది. వయ్యారిభామ అమెరికా ఖండాల నుండి వచ్చిన కలుపు. 1950వ దశకంలోగాని అది మన దేశంలో గుర్తింపు పొందలేదు. కనుక రామగిరి రైతు తాతకు ఈ ప్రశ్నే లేదు.

దానికి దొరికిన సమాధానంలో కొత్త యంత్రమేదీ లేదు. పూతకు రాకముందే గట్ల మీది వయ్యారిభామను పీకివేయడం, విత్తనశుద్ధి చేయడం, చేను చుట్టూ నాలుగైదు సాళ్ల జొన్న లేదా సజ్జ వేసి పుప్పొడిని, పురుగులను అడ్డుకోవడం ఇందులోని ముఖ్యాంశాలు. జొన్న పాతదే, గొర్రు పాతదే. ఏది ఎక్కడ, ఎందుకు వేయాలన్న జ్ఞానమే కొత్తది.

ఇటువంటి జ్ఞానానికి మన చట్టం పేటెంటు ఇవ్వదు. 1970 నాటి పేటెంట్ల చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం వ్యవసాయ, ఉద్యాన పద్ధతులు పేటెంటుకు అర్హమైన ఆవిష్కరణలు కావు. ఇది రైతుకు మేలే. జొన్న సాళ్లు వేసుకొన్నందుకు ఆయన ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదు. కాని దీనికి మరొక పార్శ్వం ఉంది. అమ్ముకోవడానికి వీలులేని దానిపై ఏ సంస్థా పెట్టుబడి పెట్టదు. కాబట్టి మెట్ట రైతుకు అత్యవసరమైన ఆవిష్కరణలలో అధిక భాగం ప్రభుత్వ పరిశోధన స్థానాలు, రైతులు కలిసి చేస్తేనే జరుగుతాయి.

వేరుశనగ రకాల చరిత్ర ఇందుకు నిదర్శనం. 1940లో తిండివనంలో విడుదలైన టి.ఎం.వి.-2 అనంతపురం రైతుల చేలలో దశాబ్దాల తరబడి నిలిచింది. ఆ తరువాత కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం నుండి వచ్చిన కదిరి-6 2005లో విడుదలై విస్తృతంగా వ్యాపించింది. ఈ మధ్య అక్కడి నుండే కదిరి లేపాక్షి వచ్చింది. స్వయంగా ఎంపిక చేసి కాపాడుకొంటున్న రకాలను నమోదు చేయించుకొనే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతులకు కల్పించింది. దీనిని వినియోగించుకోవడంలో పరిశోధన స్థానాలు తోడ్పడవలసి ఉంది.

రామగిరి చేలలో మిగిలి ఉన్న ప్రశ్నలు అనేకం. పూర్వపు అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్రనేలలో వాన కురిసిన తరువాత పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఎద్దులు తగ్గిపోయి, ట్రాక్టరు గొర్రుకు అందరూ ఒకేసారి ఎదురుచూసే ఊళ్లలో అదునుకు విత్తడం ఎలా? గట్టిపడిన నేలలో కాయలు తెగి మిగిలిపోకుండా చెట్లు పెరికే చౌకైన పరికరమేది? కోత సమయంలో వాన పడితే చేలోనే మొలకెత్తని గుత్తి రకం, చివరి దశ బెట్టలోనూ అఫ్లాటాక్సిన్ బూజు సోకని రకం ఎప్పుడు వస్తాయి? మహిళలు గంటల తరబడి కూర్చుని చేసే కాయలు కోసే పనిని తేలిక చేసి, వారి కూలిని మాత్రం పోగొట్టని సాధనం సాధ్యమా? చివరి ప్రశ్న ఇంజనీరు ఒక్కడే తేల్చగలది కాదు.

రామగిరి బంగారం చరిత్ర కూడా ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. ప్రాచీనులు తవ్వి విడిచిన చోటనే 20వ శతాబ్దం ఆరంభంలో బ్రిటిష్ కంపెనీలు మరింత లోతుకు దిగాయి. వారు వదలిన తరువాత భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ తవ్వకాలు సాగించింది. 2001లో ఆ సంస్థ మూతపడింది. అక్కడ పని ఆగిన ప్రతిసారీ దాని వెనుక ఆనాటి పరికరం అందుకోగల లోతు, ఆనాటి ఖర్చు ఉన్నాయి. నేల తడిని ఆరగొట్టే ఈ కొండగాలి సైతం 1990వ దశకం నుండి విద్యుత్తునిస్తున్నది. ఆవిష్కరణలు అయిపోయాయన్న మాట కూడా ఇటువంటి హద్దునే తెలుపుతుంది. పెట్టుబడికి లాభం రాని చోట వెదకేవారు తగ్గుతారు. లాభం రానందువల్ల రైతు ప్రశ్న మాత్రం తీరదు. దానిని రైతు నోట విని, ఆయన చేలోనే పరీక్షించి, ఫలితాన్ని ఉచితంగా పంచడం పరిశోధన స్థానాల ముందున్న కర్తవ్యం.