పారే నీళ్లలో ఉక్కు గోడ

డ్యాము గేటుకు రంగు వేయాలన్నా, అరిగిన రబ్బరు సీలు మార్చాలన్నా ముందు దాని మీదికి నీళ్లు రాకుండా ఆపాలి. అందుకు పుట్టిందే స్టాప్‌లాగ్. కాలువ తూముకు రెండు పక్కలా గాడులు పెట్టి, ఒకదానిమీద ఒకటి దింపే చెక్క దూలాలుగా దీని బతుకు మొదలైంది. డ్యాముల ఎత్తు పెరిగేకొద్దీ చెక్క చాలక ఉక్కు వచ్చింది: ముందు దళసరి రేకు, దాని వెనక అడ్డంగా గర్డర్లు, అంచుల్లో రబ్బరు. పని అయిపోతే పైకి లాగి పక్కన పెట్టేస్తారు. ఏళ్ల తరబడి ఖాళీగా పడుండే ఇనుముకు డబ్బు దండగ అనిపించడం సహజమే, అవసరం పడేదాకా.

తుంగభద్ర డ్యాముకు ఆ ఏర్పాటే లేదు. ఉన్నవి 33 గేట్లు, ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. 2024 ఆగస్టు 10 రాత్రి, డ్యాము నిండుగా ఉన్న వేళ, చైను తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. ఆ ఖాళీలోంచే 35 వేల క్యూసెక్కులు, అంటే రోజుకు మూడు టీఎంసీలు! మిగతా గేట్ల మీద బరువు తగ్గించడానికి వాటినీ ఎత్తక తప్పలేదు. నీటిమట్టం గేట్ల అడుగుదాకా దిగాలంటే 60 టీఎంసీల దాకా వదిలేయాలి. రాయలసీమ ఆయకట్టుకు ఆ ఏడాది దక్కేదేముంటుంది?

గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పారే నీళ్లలోనే మూసేద్దామన్నారు. వినడానికి తేలిక. మామూలుగా స్టాప్‌లాగ్ దించేటప్పుడు వెనక గేటు మూసి ఉంటుంది, నీళ్లు కదలవు, ఉక్కు తన బరువుతో తాను దిగుతుంది. పారే నీళ్లు దాన్ని గాడికేసి అదుముతాయి. రాపిడికి మధ్యలోనే బిగుసుకుంటుంది, కింద దూసుకుపోయే నీరు వణికిస్తుంది. పులిచింతలలో 2021లో గేటు పోయినప్పుడు జలాశయాన్ని చాలావరకు దించాకే స్టాప్‌లాగ్ పెట్టగలిగారు.

తుంగభద్రలో 20 అడుగుల గేటును నాలుగేసి అడుగుల ఐదు ముక్కలుగా చేయించారు. హొసపేట చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో రాత్రింబవళ్లు వెల్డింగు సాగింది. ముక్కలన్నీ ఒకే కొలత అయినా మోసే భారం ఒకటి కాదు. నీళ్లు అంచుదాకా నిలిస్తే అన్నిటికన్నా కింది ముక్క మీద సుమారు 120 టన్నుల ఒత్తిడి, పైదాని మీద పద్నాలుగు టన్నులకు లోపే. తొమ్మిది రెట్ల తేడా! పైగా ఉధృతికి ఎదురుగా ముందు దిగాల్సింది ఆ కిందిదే. అది సరిగ్గా కూర్చుంటే తర్వాతవాటికి పని సులువవుతుంది, వంకరగా ఇరుక్కుంటే పైవాటికి దారే ఉండదు. ఆగస్టు 16న క్రేన్లతో దాన్ని దించారు. మర్నాటికి మిగిలిన నాలుగూ కూర్చున్నాయి. అప్పటికి డ్యాములో సుమారు 70 టీఎంసీలు మిగిలాయి.

ఇంజనీరు లెక్కలో స్టాప్‌లాగ్ గేటు కాదు. అవసరానికి ఎత్తి నీళ్లు వదిలే వీలుండదు. కొత్త గేటు వచ్చేదాకా కాపలా కాయడమే దాని పని. ఆ తర్వాత 2025 వానాకాలంలో నిల్వను 80 టీఎంసీలకే పరిమితం చేసి, మొత్తం 33 గేట్లూ మార్చాలని నిర్ణయించారు.