ఇంజను విప్పాలంటే ముందు కాగితాలు, తర్వాత పానాలు

కార్వేటినగరం: ప్రమాదంలో నుజ్జయిన కారు ఇంటిముందు పడివుంటే, అందులోని ఇంజనునైనా దక్కించుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. పుత్తూరు నుంచి క్రేను రప్పించే ఖర్చు ఎందుకని ఇంటివద్దే విప్పడానికి పూనుకునేవారు రెండు విషయాలు గమనించవలసి వుంది. ఒకటి చట్టం, రెండవది బరువు.

ప్రమాదంపై పోలీసు కేసు వుంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పరిశీలన ముగిసేవరకు, బీమా వుంటే సర్వేయరు వచ్చి చూసేవరకు ఒక్క బోల్టు కూడా కదపరాదు. తొందరపడితే పరిహారం చిక్కుల్లో పడుతుంది. బండి ఇక పనికిరాదని తేలితే 14 రోజుల్లోగా రవాణాశాఖకు తెలిపి ఆర్.సి. అప్పగించాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతున్నది. ఇంజను మీది నెంబరు ఆ ఆర్.సి.లో వుంటుంది. కాగితం లేకుండా అమ్మిన ఇంజను రేపు ఏ దొంగబండిలోనో దొరికితే పోలీసులు వచ్చేది పాత యజమాని గడపకే. మరో కారుకు బిగించుకోదలచినా రవాణాశాఖ అనుమతి తప్పదు.

ఇక పని విషయం. మొదట బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి. పెట్రోలు, రేడియేటరు నీళ్లు, ఇంజనాయిలు డబ్బాల్లోకి దించాలి. ఆ దరిదాపుల్లో బీడీ వెలిగించరాదు. ఏ.సి. గ్యాసును మెకానిక్కుతోనే ఖాళీ చేయించాలి. తుప్పు బోల్టులకు ముందురోజు రాత్రే డీజిలు పూస్తే సులువుగా వదులుతాయి. అంబాసిడర్ వంటి పాత కార్లలో ఇంజను బానెట్‌లోంచి పైకి వస్తుంది. మారుతి 800 వంటి వాటిలో సాధారణంగా గేరుబాక్సుతో కలిసి వస్తుంది. ముందు చక్రాల ఇరుసులు ముందే విడదీయాలి.

ప్రాణాపాయం ఎత్తేటప్పుడే. ఇంజను ఇద్దరు మనుషులంత బరువుండవచ్చు. మోకును, చెట్టుకొమ్మను నమ్మరాదు. పచ్చని కొమ్మ కూడా లోపల పుచ్చివుండవచ్చు. బోరు మోటార్లు పైకి తీసేవారి వద్ద వుండే మూడుకాళ్ల ఇనుప స్టాండును గట్టినేలపై నిలిపి, టన్ను బరువు మోసే చైను బ్లాకు తగిలించి, నిదానంగా లేపాలి. వేలాడే ఇంజను కింద చెయ్యి కూడా పెట్టరాదు. జాకీ ఒక్కటే ఆధారంగా నిలిచిన కారు కిందికి దూరరాదు.

పాత ఆయిలును బావిగట్టున పారబోస్తే తాగునీరు చెడుతుంది. డబ్బాలో పట్టి, కొనేవారికి ఇవ్వాలి.

ఇంత శ్రమ వద్దనుకునేవారు 2021 నిబంధనల కింద నమోదైన తుక్కు కేంద్రానికి బండిని యథాతథంగా అప్పగించి, ధ్రువపత్రం పొందవచ్చు.