విజ్ఞానశాస్త్ర పరిశోధనలో స్త్రీలు: పిహెచ్.డి. నిబంధనల్లోని ఒక మినహాయింపు

1933లో కమలా భాగవత్ బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రవేశం కోరినప్పుడు, సంచాలకులు సి.వి. రామన్ ఆమె స్త్రీ అన్న కారణంతో నిరాకరించారు. ఆమె పట్టు విడువకపోవడంతో షరతులపై చేర్చుకున్నారు. తరువాత కమలా సోహొనీగా ప్రసిద్ధురాలైన ఆమె 1939లో కేంబ్రిడ్జి డాక్టరేటు పొందారు. నాటి అడ్డంకి గడప వద్ద ఉండేది. నేడు స్త్రీలకు ప్రవేశం దొరుకుతున్నది. చిక్కంతా చేరిన తరువాతి సంవత్సరాలతోనే.

యు.జి.సి. 2016 నిబంధనలు దీనిని కొంత గుర్తించాయి. ఆరేళ్ళ గడువుపై స్త్రీలకు మరో రెండేళ్ళు, ప్రసూతికి లేదా శిశుసంరక్షణకు 240 రోజుల వరకు సెలవు కల్పించాయి. 2022 నిబంధనలూ వీటిని కొనసాగించాయి. అయితే గడువు పెరిగినంత మాత్రాన వేతనం పెరగదు. జె.ఆర్.ఎఫ్., ఎస్.ఆర్.ఎఫ్. కలిపి ఫెలోషిప్ అయిదేళ్ళే. పైగా ప్రయోగశాలలో విరామం సెలవుతో మొదలుకాదు. రేడియోధార్మిక పదార్థాలకు, కొన్ని ద్రావణులకు గర్భిణి ముందునుంచే దూరంగా ఉండాలి. సాహిత్య పరిశోధకురాలు తాళపత్ర ప్రతి నకలును ఇంటికి తెచ్చుకోగలదు, కణవర్ధనాన్ని తెచ్చుకోలేదు.

అంతకంటే తక్కువగా చర్చకు వచ్చిన నియమం మరొకటి ఉంది. వివాహం వల్లనో, మరే కారణం చేతనో పరిశోధకురాలు వేరే ఊరికి మారితే, తన పరిశోధన దత్తాంశాన్ని కొత్త విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకోవచ్చు. చూడగా ఉదారమైన నియమమే. కాని ఆ పని మాతృసంస్థ గాని, పర్యవేక్షకులు గాని నిధుల సంస్థ నుంచి పొందిన ప్రాజెక్టుకు చెందినదై ఉండరాదని షరతు. మానవీయ శాస్త్రాలలో ఈ షరతు అరుదుగా అడ్డుపడుతుంది. రసాయన, జీవశాస్త్ర విభాగాలలో మాత్రం రసాయనాలు, పరికరాలు తరచు ప్రాజెక్టు నిధులతోనే సమకూరుతాయి. అంటే ఈ సౌకర్యం ఎక్కువగా అవసరమైన చోటనే మినహాయింపు నియమాన్ని మింగివేస్తున్నది. ప్రాజెక్టు దత్తాంశంపై సంస్థకు హక్కు ఉండడం న్యాయమే. మూడేళ్ళ శ్రమ పరిశోధకురాలికి దక్కకపోవడం న్యాయం కాదు. ఉభయ సంస్థల ఒప్పందంతో పాత పర్యవేక్షకులను సహపర్యవేక్షకులుగా కొనసాగిస్తే రెండు ప్రయోజనాలూ నిలుస్తాయి.

బ్రిటన్‌లో 2005లో మొదలైన అథీనా స్వాన్ నమూనాను అనుసరించి, శాస్త్ర సాంకేతిక విభాగం 2020లో 'గతి' కార్యక్రమాన్ని ప్రకటించింది. సంస్థలు తమను తాము మదింపు చేసుకోవడం ఇందులో ముఖ్యాంశం. ఆ మదింపులో ప్రవేశాల సంఖ్యతోపాటు, బదిలీ కోరినవారు ఎందరు, దత్తాంశంతో వెళ్ళగలిగినవారు ఎందరు అన్న లెక్క కూడా చేరవలసి ఉంది.