తెరకూ సర్క్యూట్‌కూ నడుమ దుబాసి

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మాట్లాడుతూ పెరిగిన మన విద్యార్థులకు దుబాసి పని కొత్త కాదు. బామ్మ మాటను కొట్టువాడికీ, కొట్టువాడి మాటను బామ్మకూ చేరవేయని పిల్లలు మనలో అరుదు. సర్క్యూట్‌ను అనుకరించే ప్రోగ్రాముకు బొమ్మలూ బటన్లూ ఉన్న తెరను జతచేయడం కూడా అటువంటి పనే.

ఉదాహరణకు, నాలుగు రోడ్ల కూడలిలోని సిగ్నల్ దీపాల సర్క్యూట్‌ను వెరిలాగ్‌లో రాశామనుకుందాం. హార్డ్‌వేర్‌ను వర్ణించే ఈ భాష 1995లో ఐఇఇఇ ప్రమాణంగా రూపొందింది. వెరిలేటర్ అనే ఉచిత సాధనం మన రచనను సి ప్లస్ ప్లస్ క్లాసుగా మారుస్తుంది. దానిని నడిపే ప్రోగ్రాము మనం రాసుకోవాలి. అది క్లాక్‌కు 0 ఇచ్చి ‘ఇవాల్’ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. 1 ఇచ్చి మళ్లీ పిలుస్తుంది. అంతటితో ఒక క్లాక్ చుట్టు పూర్తవుతుంది. మనం పిలవనిదే సర్క్యూట్‌లో కాలం కదలదు.

తెర స్వభావం వేరు. అది మౌస్ నొక్కు కోసం కాచుకొని ఉంటూ, అవసరమైనప్పుడు బొమ్మ గీస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు ‘నడుపు’ బటన్ నొక్కగానే లక్షల చుట్లు తిరిగే లూపును అక్కడే పిలుస్తారు. అది ముగిసేదాకా తెర కొయ్యబారిపోతుంది. ‘ఆపు’ బటన్ సైతం పలకదు.

అందుచేత అనుకరణను వేరొక థ్రెడ్‌లో నడపాలి. రెండింటి నడుమ రెండు క్యూలు చాలు: ఒకదానిలో తెర పంపే ఆజ్ఞలు, మరొకదానిలో సర్క్యూట్ పంపే స్థితి. సర్క్యూట్ సంకేతాలను తెర నేరుగా తాకరాదు.

ఇక కాలం సంగతి. క్లాక్ సెకనుకు 10 లక్షల చుట్లు తిరుగుతుందనీ, అనుకరణ కూడా అదే వేగంతో నడుస్తోందనీ అనుకుందాం. తెర సెకనుకు 50 సార్లు గీస్తే, ఒక బొమ్మకూ తరువాతి బొమ్మకూ నడుమ 20,000 చుట్లు గడిచిపోతాయి. అందులో ఒకే ఒక్క చుట్టులో అడ్డంగా ఉన్న రెండు దారులకూ పచ్చదీపం వెలిగితే, తెర మీద అది కనిపించదు. కనుక అనుకరణే ప్రతి చుట్టునూ పరీక్షించి, తప్పు జరిగిన చుట్టు సంఖ్యను తెరకు పంపాలి.

అలాగే రోడ్డు దాటేవారి బటన్‌ను మనం మౌస్‌తో నొక్కినప్పుడు, ఆ నొక్కు ఏ చుట్టులో సర్క్యూట్‌కు చేరుతుందనేది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ప్రతి నొక్కునూ చుట్టు సంఖ్యతో సహా ఫైలులో రాసుకుంటే, రేపు తెర లేకుండానే ఆ సన్నివేశాన్ని ఉన్నదున్నట్లు మళ్లీ నడపవచ్చు. లేకపోతే ఒకసారి కనిపించిన లోపం తిరిగి దొరక్కపోవచ్చు. చిప్ తయారైన తరువాత దానిలోని గీతను చెరిపి రాయలేము.

దుబాసి తన సొంత మాట కలపకూడదు, విన్న మాట మింగకూడదు. ఇక్కడ ఆ మాట ఏ చుట్టులో పుట్టిందో కూడా మరువకూడదు.