టోపీ మీది ఫిరంగి ఏం చెబుతుంది?

పాత మిలిటరీ బ్యాడ్జీల సేకరణ కూడా నాణేలు, స్టాంపుల్లాంటి హాబీనే. కానీ బ్రిటిష్ ఫిరంగి దళం, అంటే రాయల్ ఆర్టిలరీ వాళ్ళ టోపీ బ్యాడ్జీ చదవడం నేర్చుకుంటే, అరచేతిలో పట్టే ఆ ఇత్తడి ముక్కలో మన చరిత్ర కూడా కనిపిస్తుంది.

ముందు డిజైన్ చూద్దాం. మధ్యలో చక్రంతో ఒక ఫిరంగి, అన్నిటికన్నా పైన కిరీటం. ఫిరంగికి పైనా కిందా రెండు రిబ్బన్లు, వాటి మీద లాటిన్ మాటలు. పైది 'ఉబీక్వే', అంటే 'అంతటా'. 1832లో నాలుగో విలియం రాజు ఇచ్చిన గౌరవం అది. కింది దాని అర్థం 'న్యాయం, కీర్తి ఎటు నడిపిస్తే అటు' అని.

వయసు తెలుసుకోవడానికి కిరీటమే వెర్షన్ నంబర్. పైభాగం గోపురంలా ఉబ్బి ఉంటే అది ట్యూడర్ కిరీటం, 1901 తర్వాతి రాజుల కాలంది. మధ్యలో కాస్త నొక్కినట్టుంటే రాణి కాలంది: 1901కి ముందైతే విక్టోరియా, 1952 తర్వాతైతే ఎలిజబెత్. ఇక్కడో తిరకాసు ఉంది. 2022లో మూడో చార్లెస్ మళ్ళీ ట్యూడర్ తరహానే ఎంచుకున్నాడు. అందుకే కిరీటం ఒక్కటే చూసి డబ్బులిచ్చేయకూడదు.

నకిలీని పట్టుకోవాలంటే అరుగుదల చూడాలి. సైనికుడు ఏళ్ళ తరబడి పాలిష్ చేసిన బ్యాడ్జీలో ఎత్తుగా ఉన్న చోట్లే అరుగుతాయి, లోతుల్లో గీతలు స్పష్టంగా ఉంటాయి. అచ్చు తీసి పోత పోసిన కాపీలో అన్నిచోట్లా ఒకేలా మొద్దుగా ఉంటుంది. కొన్నాక మనం మాత్రం పాలిష్ చేయకూడదు, ఆ అరుగుదలే దానికి సాక్ష్యం.

ఇక మన సంగతి. 1857 తిరుగుబాటు తర్వాత, కొన్ని మౌంటెన్ బ్యాటరీల్లాంటి మినహాయింపులు తప్ప, ఆంగ్లేయులు ఫిరంగుల్ని భారతీయుల చేతికి ఇవ్వలేదు. తుపాకీ ఇచ్చారు, ఫిరంగి ఇవ్వలేదు! 'అంతటా' అని రాసుకున్న దళంలో మనవాళ్ళకి అంతటా చోటు లేదన్నమాట. భారతీయ సైనికులతో ఫీల్డ్ ఆర్టిలరీ మొదలైంది 1935లో, బెంగళూరులో.

ఇప్పుడు హైదరాబాద్‌లో గోల్కొండ దగ్గరున్న ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యే జవాన్ల రెజిమెంట్ బ్యాడ్జీ మీద కిరీటం లేదు, ఫిరంగి ఉంది. వాళ్ళ నినాదం 'సర్వత్ర ఇజ్జత్-ఓ-ఇక్బాల్'. ఉబీక్వేకి సరిగ్గా సరిపోయే మాట 'సర్వత్ర', మనం తెలుగులో వాడే సర్వత్రానే. ఆ రెండు బ్యాడ్జీలూ పక్కపక్కన పెట్టి చూడండి, ఏది పోయిందో ఏది మిగిలిందో మీకే తెలుస్తుంది.